హాలిఫాక్స్ డోనెయిర్ – ఇంటివద్ద తయారుచేయు విధానము
(బి.యస్‌సి. తృతీయ సంవత్సర విద్యార్థిని)

మాంసానికి ఉప్పు తెలుసు, కారం తెలుసు, చింతపండు పులుపూ తెలుసు గాని తీపి మాత్రం తెలియదని మా దాదీ దృఢ విశ్వాసం. ఖుర్మాలో జీడిపప్పు ఒక పలుకు ఎక్కువైనా ఆమె కంచం పక్కకు జరుపుతుంది. అటువంటి ఇంటిలో తీపిపాలతో చేసిన పులుసు వంటి పదార్థాన్ని వేడి మాంసంమీద పోసి, రొట్టెలో చుట్టి పెట్టడం ఎంత సాహసమో పాఠకులు ఊహించగలరు. ఆ సాహసానికి నన్ను పురికొల్పిన కారణం ఒకటున్నది. దానిని సందర్భం వచ్చినప్పుడు చెబుతాను. ముందుగా ఈ వంటకం పుట్టుపూర్వోత్తరాలు కొంత తెలుసుకోవడం అవసరం.

మాంసాన్ని నిలువు ఊచకు గుచ్చి, నిప్పు ఎదుట నెమ్మదిగా తిప్పుతూ, కాలిన పైపొరను కత్తితో పలుచగా చెక్కి వడ్డించే పద్ధతి 19వ శతాబ్దంలో తురుష్క సామ్రాజ్యంలో వ్యాప్తికి వచ్చింది. తురకీ భాషలో దానిని డోనెర్ కబాబ్ అంటారు. డోనెర్ అనగా తిరిగేది. అరబ్బులు దానినే షవర్మా అన్నారు. ఆ మాట కూడా త్రిప్పుట అనే అర్థంగల తురకీ పదం నుండి ఏర్పడినదే. గ్రీకులు గీరోస్ అన్నారు. ఆ మాటకూ అర్థం భ్రమణమే. మూడు జాతులు, మూడు భాషలు, మూడు రకాల మసాలాలు ఉన్నా పేరు మాత్రం ఒకటే. దేశం మారినప్పుడల్లా రొట్టె మారింది, రసం మారింది, మాంసం మారింది. తిరగడం మాత్రం మానలేదు. గల్ఫ్ దేశాలతో మనవారికి ఏర్పడిన రాకపోకల పుణ్యమా అని ఆ ఊచ నేడు హైదరాబాదులోనూ వీధి వీధినా తిరుగుతున్నది.

కెనడా దేశపు తూర్పు తీరాన, అట్లాంటిక్ మహాసముద్రపు ఒడ్డున, నోవాస్కోషియా రాష్ట్రానికి రాజధాని అయిన హాలిఫాక్స్ అనే ఓడరేవు నగరం ఉన్నది. అక్కడ 1970 దశకం ఆరంభంలో పీటర్ గమూలాకోస్ అనే గ్రీకు వలసదారుడు తన దేశపు గీరోస్‌ను అమ్మ జూచాడు. పెరుగులో దోసకాయ, వెల్లుల్లి కలిపిన గ్రీకు పచ్చడి, గొర్రె మాంసం వాసన ఆ ఊరివారికి రుచించలేదు. మరొకరైతే దుకాణం మూసుకొని వేరే పని చూచుకొనేవారు. ఆయన గొర్రె మాంసం స్థానంలో ఎద్దుమాంసపు ఖీమాను పెట్టి, పెరుగు పచ్చడి స్థానంలో డబ్బాపాలు, చక్కెర, వెనిగర్, వెల్లుల్లి పొడి కలిపిన తీపి రసాన్ని పెట్టాడు. దానికి డోనెయిర్ అని పేరయింది. 1973లో క్విన్‌పూల్ రోడ్డుమీద వెలసిన ‘కింగ్ ఆఫ్ డోనెయిర్’ అనే దుకాణం ద్వారా అది ఊరంతా పాకింది. 2015 డిసెంబరులో హాలిఫాక్స్ నగర పాలక మండలి ఓటు వేసి మరీ దానిని తమ నగరపు అధికారిక భోజ్యంగా ప్రకటించుకొన్నది. పరాయివాడు తెచ్చిన వంటను ఊరు తనదిగా చేసుకొన్నదనుకోవాలా, ఊరికోసం పరాయివాడు తన వంటను మార్చుకొన్నాడనుకోవాలా? రెండూ నిజమేనని నాకు తోస్తుంది.

మా అన్నయ్య ఉన్నత విద్యకై ఆ నగరానికి వెళ్ళి రెండు సంవత్సరాలు కావస్తున్నది. హలాల్ మాంసంతో చేసే దుకాణాన్ని వెదకి పట్టుకొని మొదటిసారి డోనెయిర్ తిన్న రాత్రి అతడు ఫోను చేసి, “షాహీ టుక్డాలో సీఖ్ కబాబ్ వేసుకొని తిన్నట్లున్నది” అని చెప్పి నవ్వాడు. మేమూ నవ్వి ఊరుకొన్నాము.

తరువాత కొద్ది నెలలకు నవ్వులాట కాని సంగతి జరిగింది. హైదరాబాదులో చదువుకొంటున్న మా తమ్ముడు ఒక రాత్రి స్నేహితులతో కలిసి ఒక చోట షవర్మా తిన్నాడు. తెల్లవారుజాముకు వాంతులు, జ్వరం పట్టుకొన్నాయి. మేము రైలెక్కి వెళ్ళేసరికి అతడు ఆసుపత్రి మంచంమీద సెలైను సీసా కింద పడి ఉన్నాడు. మూడు రోజులు అమ్మీ ఆ మంచం వదలలేదు. అతడు కోలుకొన్నాడు. కోలుకొన్న వారం రోజులకే మళ్ళీ షవర్మా మాట ఎత్తాడు. వద్దంటే వినే వయస్సు కాదు. అన్నయ్య ఫోనులో, “అయితే ఇంట్లో చేసి పెట్టు. ఇక్కడివాళ్ళు ఊచ లేకుండానే ఇళ్ళలో చేసుకొంటారు” అన్నాడు. నేను డోనెయిర్ నేర్చుకోవడానికి కారణమదే.

ఇక్కడ ఊచమీది మాంసంలోని అపాయం ఎట్టిదో కొంచెం వివరించవలసి ఉన్నది. ముద్దగా ఉన్న మాంసానికి సూక్ష్మజీవులు చాలావరకు పైభాగంమీదనే అంటి ఉంటాయి. పైభాగం బాగుగా కాలితే అవి నశిస్తాయి. అదే మాంసాన్ని ఖీమా కొట్టించినప్పుడు పైనున్నవి లోపలికి కలిసిపోతాయి. పలుచని ముక్కలను ఒకదానిపై ఒకటి గుచ్చి పేర్చినా జరిగేది అటువంటిదే. ప్రతి ముక్క పైభాగమూ గుట్ట లోపలికి చేరుతుంది. నిలువు ఊచమీద కాలేది వెలుపలి పొర మాత్రమే. లోపలి భాగం గంటల తరబడి పచ్చిగా, గోరువెచ్చగా ఉండిపోతుంది. సుమారు 5 డిగ్రీల సెంటిగ్రేడు నుండి 60 డిగ్రీల వరకు గల వేడిమి సూక్ష్మజీవులు వృద్ధి చెందడానికి అనువైనది. కొనేవారు ఎక్కువైతే కత్తి మంటకన్న తొందరపడి కాలని పొరను కూడా చెక్కుతుంది. తక్కువైతే దుకాణదారు మంట తగ్గిస్తాడు. అప్పుడు ముద్ద అంతా గోరువెచ్చనవుతుంది. రెండు విధాలా ముప్పే.

ఇది కల్పించి చెప్పిన భయం కాదు. 2004లో కెనడాలోని కాల్గరీ నగరంలో డోనెయిర్ తిన్నవారిలో ప్రమాదకరమైన ఇ. కోలి వ్యాధి ప్రబలింది. దరిమిలా అక్కడి ఆరోగ్య శాఖలు ఈ వంటకంపై ప్రత్యేకంగా విచారణ జరిపి, చెక్కిన మాంసాన్ని వడ్డించే ముందు పెనంమీద రెండవసారి వేడి చేయవలెనని సూచించాయి. మన పొరుగున కేరళలో కాసరగోడు జిల్లా చెరువత్తూరులో 2022లో షవర్మా తిని అనేకులు అస్వస్థులు కాగా ఒక విద్యార్థిని ప్రాణం కోల్పోయింది. పచ్చి గ్రుడ్డుతో చేసే మయొనైజ్ మరొక మార్గం. 2024 అక్టోబరులో తెలంగాణ ప్రభుత్వం దానిని ఒక సంవత్సరం పాటు నిషేధిస్తూ ఉత్తర్వు వెలువరించింది. హాలిఫాక్స్ రసంలో పచ్చి గ్రుడ్డు లేనే లేదు. దాదీ ఎంత ఈసడించుకొన్నా ఆ తీపి రసంమీద నాకు మొదట గౌరవం కలిగించింది ఈ ఒక్క విషయమే.

ఇక మాంసం సంగతి. అక్కడివారు ఎద్దుమాంసం వాడతారు. నేను మేక మాంసం వాడాను. అర కిలో ఎముక లేని మాంసానికి కొంత కొవ్వు కలిపి, మిషనులో రెండు మార్లు ఆడించమని దుకాణంలో చెప్పాలి. ఒక్కసారి ఆడించిన ఖీమా కూరకు సరిపోతుంది గాని దీనికి పనికిరాదు. అందులో ఒక చెంచా ఉప్పు, ఒక చెంచా మిరియాల పొడి, ఒక చెంచా కాశ్మీరీ మిరపపొడి, అర చెంచా మామూలు కారం, ఒక చెంచా ఎండు ఉల్లిపాయ పొడి, అర చెంచా వెల్లుల్లి పొడి, ఒక చెంచా ఒరిగానో ఆకు, రెండు పెద్ద చెంచాల రొట్టె పొడి కలపాలి. చిన్న చెంచా అనగా 5 మి.లీ., పెద్ద చెంచా అనగా 15 మి.లీ. కొలత. ఒరిగానో నేడు పిజ్జాతో ఇచ్చే చిన్న పొట్లాలలో ప్రతి ఇంటా చేరుతున్నది. దొరకనిచో చిటికెడు వాము నలిపి వేయవచ్చు. మొక్కలు వేరైనా వాటి సువాసన దగ్గరగానే ఉంటుంది. గరం మసాలా, అల్లం, కొత్తిమీర వేయాలని చేయి ఊరుతుంది. వేసినచో రుచికరమైన సీఖ్ కబాబ్ వస్తుంది, డోనెయిర్ రాదు.

ఒక హెచ్చరిక. మన ఇళ్ళలో కబాబుకు పచ్చి బొప్పాయి రాయడం అలవాటు. ఇక్కడ ఆ పని ఎంతమాత్రం కూడదు. బొప్పాయిలోని పపైన్ అనే ఎంజైము మాంసపు ప్రోటీనులను తెగగొట్టి మెత్తబరుస్తుంది. మనకు కావలసినది దీనికి సరిగ్గా వ్యతిరేకం. ఉప్పు తగిలినప్పుడు మాంసంలోని మయోసిన్ అనే ప్రోటీను కరగి బయటకు వస్తుంది. పిసికేకొద్దీ అది జిగురుగా మారి ఖీమా రేణువులను ఒకదానితో ఒకటి అంటిస్తుంది. ఉడికినప్పుడు గట్టిపడి కత్తికి పలుచగా తెగే ముద్ద అవుతుంది. అందుచేత మసాలా కలిపిన ఖీమాను పది నిమిషాలకు తక్కువ కాకుండా చపాతీ పిండివలె పిసకాలి. మధ్య మధ్య ముద్దను ఎత్తి పళ్ళెంలోకి బలంగా విసరి కొట్టాలి. హాలిఫాక్స్ ఇళ్ళలో కూడా ఇదే చేస్తారట. మా వంటింట్లో ఆ చప్పుడుకు పక్కింటివారు వచ్చి, ఏదైనా గొడవా అని అడిగి వెళ్ళారు. మాంసం చల్లగా ఉండడం ముఖ్యం. వెచ్చబడితే కొవ్వు కరగి జిగురును చెడగొడుతుంది. కాబట్టి ఫ్రిజ్‌లోనుండి తీసిన వెంటనే ఈ పని చేయాలి. చేతికి అంటుకొని వ్రేళ్ళమధ్య దారాలు సాగుతున్నట్లు కనిపిస్తే ముద్ద సిద్ధమైనట్లు.

దీనిని పిడికిలి లావున పొడవైన కట్టగా చేసి, వెన్నకాగితంలో గట్టిగా చుట్టాలి. ఓవెన్ ఉన్నవారు 150 డిగ్రీల వద్ద సుమారు గంటసేపు కాల్చుకోవచ్చు. మా ఇంట్లో అది లేదు. ఇడ్లీ పాత్రలో నీళ్ళు మరిగించి, చిల్లుల పళ్ళెంమీద కట్టను పెట్టి, మూతపెట్టి 45 నిమిషాలు ఆవిరిమీద ఉడికించాను. ఉడికినదీ లేనిదీ రంగునుబట్టి నిర్ణయించరాదు. ఖీమా లోపల పచ్చిగా ఉండగానే గోధుమరంగుకు తిరగవచ్చు. మధ్యభాగంలో వేడి 71 డిగ్రీలు దాటవలెను. ఇందుకు వంటింటి థర్మామీటరు ఒకటి కొనుక్కొన్నాను. దాని ఖరీదు మా తమ్ముడి ఒక్కరోజు ఆసుపత్రి బిల్లులో పదవ వంతు కూడా లేదు.

ఉడికిన కట్టను వెంటనే కోయకూడదు. ఆవిరి తగ్గిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి రాత్రంతా ఉంచాలి. మరునాడు పదునైన కత్తితో రెండు మూడు మిల్లీమీటర్ల మందంలో ముక్కలు కోసి, బాగుగా కాగిన పెనంమీద నూనె చుక్క వేసి రెండు వైపులా అంచులు ఎర్రబడేవరకు కాల్చాలి. ఊచమీద మంట చేసే పనిని ఇక్కడ పెనం చేస్తుంది. కెనడా ఆరోగ్య శాఖలు దుకాణదారులకు చెప్పిన రెండవసారి వేడి కూడా దీనితో నెరవేరుతుంది. కరకరలాడే ఆ అంచులే డోనెయిర్‌కు ప్రాణం.

తీపి రసం విషయంలో నేను మొదటిసారి పరాభవం పొందాను కాబట్టి కొంత విపులంగా చెప్పడం న్యాయం. హాలిఫాక్స్‌లో చక్కెర లేని చిక్కని డబ్బాపాలకు చక్కెర చేర్చి చేసేవారున్నారు. చక్కెరతో చిక్కబరచిన పాలతోనే చేసేవారూ ఉన్నారు. మొదటి రకం మన అంగళ్ళలో సులభంగా దొరకదు. రెండవది మిల్క్‌మెయిడ్ అనే పేరుతో మనకు చిరకాలంగా పరిచితమే. పాలలో నీటిని ఆవిరిచేసి, చిక్కబరచి నిలువచేసే పద్ధతికి గెయిల్ బోర్డెన్ అనే అమెరికన్ 1856లో పేటెంటు పొందాడు. ఆ కాలంలో పాలు చెడకుండా దూరప్రయాణం చేయించడమే ఆయన సమస్య. వందేళ్ళ పైచిలుకు గడచిన తరువాత తన పాలు మాంసంమీదకు చేరుతాయని ఆయన కలగని ఉండడు.

సగం డబ్బా, అనగా 200 గ్రాముల తీపిపాలను గిన్నెలో వేసి, అర చెంచా వెల్లుల్లి పొడి కలపాలి. 40 మి.లీ. తెల్ల వెనిగరును సన్నని ధారగా పోస్తూ చెంచాతో మెల్లగా కలియబెట్టాలి. పదిహేను ఇరవై తిప్పులకు మించరాదు. వెంటనే చిక్కబడడం మొదలవుతుంది. గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచితే గడ్డపెరుగుకూ మజ్జిగకూ మధ్యస్థంగా తయారవుతుంది.

ఇందులో జరిగే రసాయనిక చర్య మనకు కొత్తది కాదు. పాలలోని కేసీన్ అనే ప్రోటీను కణాలు ఋణ విద్యుదావేశం వలన ఒకదానినొకటి తోసుకొంటూ విడివిడిగా తేలుతుంటాయి. ఆమ్లం చేరి పి.హెచ్. విలువ 4.6 దగ్గరకు రాగానే ఆ ఆవేశం పోయి కణాలు ఒకదానినొకటి పట్టుకొంటాయి. పాలు తోడుకొన్నా, నిమ్మరసం పిండితే విరిగినా కారణం ఇదే. మరి ఇక్కడ విరిగి ముక్కలు కావేమి? విరిచేటప్పుడు పాలు మరుగుతుంటాయి. ఆ వేడికి ప్రోటీను ముద్దలుగా ముడుచుకొని నీటిని వెలికి నెడుతుంది. ఇక్కడ పాలు చల్లగా ఉన్నాయి, నీరు తక్కువ, చక్కెర చాలా ఎక్కువ. అందుచేత ప్రోటీను ముద్ద కట్టక, నీటిని తనలోనే పట్టి ఉంచే సన్నని వలగా అల్లుకొంటుంది. ఆ వల మిక్కిలి సుకుమారమైనది. నేను మొదటిసారి ముద్దలు ఉండకూడదనే ఆరాటంతో మిక్సీలో తిప్పాను. వల తెగి రసం నీళ్ళవలె జారిపోయింది. ఇంకా వెనిగర్ పోసినా బాగుపడలేదు. పులిసిన పాయసం అయింది. దాదీకి ఆ రోజు పరమానందం.

వెల్లుల్లి కూడా పొడిగానే ఉండాలి. పచ్చి వెల్లుల్లి నూరి వేస్తే ఘాటు పెరిగి, కొంత సేపటికి చేదెక్కుతుంది. పొడి దొరకనిచో రెబ్బలను పలుచగా తరిగి ఎండలో గలగలలాడేవరకు ఎండబెట్టి దంచుకోవచ్చు. మిగిలిన రసాన్ని మూత బిగించి ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు ఉంచవచ్చును గాని ఒకసారి తింటూ ముంచిన గిన్నెలోది తిరిగి సీసాలో పోయరాదు.

రొట్టెకు రెండున్నర వందల గ్రాముల మైదా, ఒక చెంచా ఈస్టు, అర చెంచా ఉప్పు, ఒక చెంచా చక్కెర, ఒక పెద్ద చెంచా నూనె, సుమారు 150 మి.లీ. గోరువెచ్చని నీరు చాలును. పిండి రెట్టింపు అయ్యేవరకు మూతపెట్టి, ఆరు ఉండలు చేసి, పూరీకన్న మందంగా ఒత్తి, పొగలుకక్కే పెనంమీద కాల్చాలి. పుల్కా పొంగడం తెలిసిన చేతికి పీటా పొంగడం నేర్పనక్కరలేదు. రెండింటిలోనూ పొంగించేది లోపలి ఆవిరే. హాలిఫాక్స్‌లో దీనిని సంచివలె చీల్చి నింపరు. రొట్టెమీద నీళ్ళు చిలకరించి, పెనంమీద మెత్తబడేలా వెచ్చజేసి, చుట్టూ చుడతారు. పొడి రొట్టె చుట్టేటప్పుడు పగిలి రసమంతా మోచేతిదాకా కారుతుంది.

వెచ్చని రొట్టెమీద కాల్చిన ముక్కలు దండిగా పరచి, సన్నగా తరిగిన టమాటా, పచ్చి ఉల్లిపాయ వేసి, పైన రెండు పెద్ద చెంచాల చల్లని రసం పోయాలి. క్యాబేజీ, దోసకాయ, మన బండ్లమీద దొరికే వేపుడు బంగాళాదుంపలు దీనిలో చేరవు. అడుగుభాగాన్ని రేకు కాగితంతో గట్టిగా బిగించి, నిలబడి, కొంచెం ముందుకు వంగి తినడం ఆ ఊరి ఆచారం. ఎందుకో మొదటి కాటుకే బోధపడుతుంది. మిరియం, ఉప్పు నాలుకకు తగిలే లోపలే చల్లని తీపి వచ్చి కారాన్ని చల్లార్చుతుంది. తీపి మొహం మొత్తబోతుండగా వెనిగర్ పులుపు దానిని అడ్డగిస్తుంది. ఉల్లిపాయ ఘాటు చివరిదాకా నిలిచి ఉంటుంది.

రెండవ ప్రయత్నంలో రసం కుదిరింది. ఆ రోజు దస్తర్‌ఖాన్ పరచి అందరికీ ఒక్కొక్కటి చుట్టి ఇచ్చాను. తమ్ముడు రెండు తిని మూడవదానికి చేయి చాచాడు. అమ్మీ తినడం మాని, వాడు నమలుతున్నంతసేపూ వాడి ముఖమే చూస్తూ కూర్చున్నది. ఆ రాత్రి రెండు పర్యాయాలు లేచి వెళ్ళి వాడి నుదుటిమీద చేయి వేసి చూచింది కూడా. దాదీ మాత్రం తన వాటా మాంసాన్ని రొట్టెలోనుండి తీసి, నిమ్మకాయ పిండుకొని తిన్నది. రసం గిన్నె దగ్గరకు తీసుకొని వేలితో ఒక చుక్క నాకి, “ఇది మాంసానికి కాదు గాని, ఉత్త రొట్టెకు బాగుంటుంది” అని తీర్పు చెప్పింది. మరునాడు ఉదయం ఫ్రిజ్ తెరిచి చూస్తే రసం గిన్నె సగానికి తగ్గి ఉన్నది.